రంగు చాటున తుప్పు

ఇనుమునకు నీరును గాలియు శత్రువులన్న మాట అందఱు నెఱిగినదే. ఐతే ఈ శత్రువులు విడివిడిగా వచ్చినప్పుడు ఇనుమును అంతగా బాధింపజాలవు. పొడిగాలిలో నుంచిన మేకు ఏండ్ల తరబడి చెడకుండును. కాచి చల్లార్చిన నీటిలో మేకును వేసి, గాలి చొరకుండ పైన నూనె పోసియుంచినచో దానికిని తుప్పు పట్టదు. నీరును గాలియు కలిసి వచ్చినప్పుడే ఇనుమునకు కీడు మూడును. ఆ నీటిలో ఉప్పు కూడ ఉన్నచో ఇక చెప్పవలసినది లేదు. బడిలో మూడు గాజు గొట్టములతో చేయించు ఈ ప్రయోగమును చూడని విద్యార్థి యుండడు.

కంటికి కనబడు తుప్పు వలన పెద్ద భయము లేదు. గునపమునకు తుప్పు పట్టినచో రైతు ఇసుకతో రుద్దును. కిటికీ చువ్వకు పట్టినచో గృహస్థు గీకించి రంగు వేయించును. భయమంతయు కంటికి కనబడని తుప్పు వలననే. చెద పట్టిన ద్వారబంధము వంటిది అది. పైన పసుపు కుంకుమల బొట్లు చక్కగా నుండును, రంగు నిగనిగలాడుచుండును, వ్రేలితో నొక్కినచో కఱ్ఱ పిండి యగును. చెద కఱ్ఱకు చేయు పనినే తుప్పు ఉక్కురేకునకు చేయును. పాతకాలపు మోటారు కార్లను, అందును ముఖ్యముగా స్పోర్ట్సు కార్లను, బాగుచేయువారు ఈ దాగిన తుప్పుతో చేయు పోరాటము తెలిసికొనదగినది.

ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు నగరమునకు దక్షిణముగా, థేమ్స్ నది యొడ్డున, ఆబింగ్డన్ అను పట్టణము కలదు. అచ్చట 1929 నుండి 1980 వఱకు ఎం.జి. అను పేరుగల స్పోర్ట్సు కార్లను తయారుచేయు కర్మాగారము ఉండెను. ఎం.జి. యనగా మారిస్ గ్యారేజెస్ అను మాటల పొడియక్షరములు. ఆ కర్మాగారము నుండి వెలువడిన కార్లన్నిటిలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది ఎం.జి.బి. ఇది 1962లో మొదటిసారి విపణికి వచ్చెను. ఇద్దఱు కూర్చుండుటకు చోటు, ముందు పొడవైన బానెట్టు, పైన విప్పి మడచుటకు వీలైన గుడ్డ టాపు, ఇంతే దాని వేషము. 1965లో ఉక్కు పైకప్పు గల జి.టి. అను మఱియొక రూపము వచ్చెను. 1980లో కర్మాగారము మూతపడులోపల ఐదు లక్షలకు పైగా ఈ జాతి కార్లు తయారయ్యెను. వానిలో ఎక్కువ పాలు అమెరికాకు ఎగుమతి యయ్యెను. ఇది కేవలము కోటీశ్వరుల కారు కాదు. ఉద్యోగము చేసికొని కూడబెట్టుకొన్నవారును కొనగలిగినట్టిది. కావుననే నేటికిని దానిని ఇంటిలోని ఒక మనిషిని చూచుకొన్నట్లు చూచుకొను కుటుంబములు పెక్కు కలవు. తండ్రి నడిపిన కారును కుమార్తె నడుపును; తాత వదలిన కారును మనుమడు తుడిచి షెడ్డులో భద్రపఱచును.

ఎం.జి.బి.కి ముందటిదైన ఎం.జి.ఏ.కు, లారీకి ఉన్నట్లే, అడుగున వేఱుగా ఒక చట్రము ఉండెను. ఇంజను, చక్రములు, ఆసనములు అన్నియు ఆ చట్రము నాధారము చేసికొని నిలిచెను. ఎం.జి.బి.కి అట్టి చట్రము లేదు. పలుచని రేకులనే మడచి, పెట్టెలవలె చేసి, ఒకదానికొకటి అతికి, ఆ కూర్పు వలననే బలము కలుగునట్లు నిర్మించిరి. ఆ రేకుల మందము ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే. అంత పలుచని రేకు అంత బరువునెట్లు మోయునని సందేహము కలుగవచ్చును. ఒక పోస్టుకార్డును నిలువుగా నిలిపి దానిపై పుస్తకము నుంచినచో కార్డు వెంటనే వంగిపోవును. ఆ కార్డునే గొట్టముగా చుట్టి, అంచులను జిగురుతో అతికి నిలిపినచో అదే పుస్తకమును సులభముగా మోయును. అతుకు విప్పినచో మఱల వంగును. కాగితము మారలేదు; బలము మడతలో నున్నది, అతుకులో నున్నది. అతుకు చెడినప్పుడు రేకు ఎంత బాగున్నను ప్రయోజనము లేదు.

ఇట్టి పెట్టెలలో ముఖ్యమైనది తలుపు క్రిందనుండు గడప. ఇంగ్లీషువారు దీనిని సిల్ అందురు. ఇంటి గడపకును వారు వాడు మాట అదియే. ముందు చక్రము వెనుక నుండి వెనుక చక్రము ముందు వఱకు కారునకు ఇరుప్రక్కల ఈ గడపలు సాగును. పైకప్పు గల కారులో బరువులో కొంత పాలు కప్పు పంచుకొనును. కప్పు లేని కారులో ముందు భాగమును వెనుక భాగమును కలిపి పట్టియుంచు భారము ఈ రెండు గడపలపైనను, నడుమ గేరు పెట్టె వెనుక సాగు సొరంగమువంటి మడతపైనను పడును. గడపలు చెడినచో కారు నడుమ పట్టె విఱిగిన మంచమువలె కుంగును.

పైకి ఒకే రేకువలె కనబడు ఈ గడపలో నిజమునకు పొరలున్నవి. వెలుపల ఒక రేకు. లోపల మఱియొక రేకు, దానికి కారు నేలరేకు అతికియుండును. రెంటి నడుమ నిలువుగా నిలిచిన పలక యొకటి. అడుగున కోటగోడ పండ్లవలె ఎగుడుదిగుడుగా మడచిన పట్టీ యొకటి. ఆ రూపమును బట్టియే ఇంగ్లీషు పనివారు దానికి కోట పేరు పెట్టిరి. నడిమి పలక పెట్టెను రెండు అరలుగా చేయును. గడప బలములో పెద్ద పాలు ఆ పలకదే. దానిని చూచుటకు మాత్రము ఎవరికిని వీలులేదు.

నీరు అచ్చటికెట్లు పోవును? వానలో ముందు చక్రము తిరుగునప్పుడు బురదను పైకి చిమ్మును. ఆ బురద మడ్‌గార్డు వెనుక భాగమునకు పోకుండ కర్మాగారమువారు ఒక అడ్డురేకును, దాని అంచున రబ్బరు పట్టీని అమర్చిరి. కాలము గడచిన కొలది రబ్బరు గట్టిపడి పగులును. అప్పుడు బురద ఆ సందునుండి లోనికి చొచ్చి, తలుపు వ్రేలాడు స్తంభము మొదట పేరుకొనును. ఎండ వచ్చినను ఆ బురద ఆఱదు. తడిసిన గోనెసంచిని ఇనుప పెట్టెపై వేసి మఱచిపోయినట్లే యగును. ఇదిగాక గుడ్డ టాపు సందులనుండి కాఱిన వాన తివాచీలో నింకి నేలరేకును తడుపుచుండును. పైనుండి కొంత, ప్రక్కనుండి కొంత, నీరు మెల్లగా గడప చేరును. నీరు పోవుటకు పెట్టిన రంధ్రములు బురదతో పూడుకొనియుండును. వచ్చు దారులు తెఱచియుండి పోవు దారి మూసికొనిపోయిన యింటివలె నుండును దాని స్థితి.

ఇక ఉప్పు సంగతి. బ్రిటనులో చలికాలమున దారులపై మంచు గడ్డకట్టి వాహనములు జాఱిపోవకుండ రాతియుప్పు చల్లుదురు. చెషైర్ సీమలోని విన్స్‌ఫర్డు గనినుండి ఈ ఉప్పును విస్తారముగా త్రవ్వి తీయుచున్నారు. మనుష్యుల ప్రాణములు కాపాడు ఉప్పే కార్ల ప్రాణములు తీయును. ఈ కారణము చేతనే, ఒకప్పుడు అమెరికాకు పోయిన కార్లలో కాలిఫోర్నియా వంటి పొడిసీమలలో తిరిగినవానిని ఏరి, మఱల ఓడలపై ఇంగ్లండునకు తెప్పించుకొనువారును కలరు. ఎండకు ఆసనములు చిట్లి, రంగు వెలిసియున్నను, ఆ కారు ఉక్కు గట్టిగా నుండును. రంగు నిగనిగలాడు ఇంగ్లీషు కారుకంటె వెలిసిన ఎడారి కారు మేలని అనుభవజ్ఞుల మాట.

అతుకుల యొద్ద తుప్పు మఱింత వేగముగా పట్టుటకు వేఱొక కారణము కలదు. కర్మాగారమున రెండు రేకులను కలుపునప్పుడు అంచు పొడవునను అతుకరు. కొంత కొంత దూరమున చుక్కలు చుక్కలుగా అతుకుదురు. చుక్కకును చుక్కకును నడుమ వెండ్రుకవాసి సందు మిగులును. ఆ సందులోనికి రంగు పోలేదు. నీరు మాత్రము దీపపు వత్తిలో నూనె ప్రాకినట్లు ప్రాకును. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఉలిక్ రిచర్డ్‌సన్ ఎవాన్స్ (1889-1980) అను శాస్త్రజ్ఞుడు తుప్పును గూర్చియే జీవితమంతయు పరిశోధించెను. ఆయన ఉప్పునీటి చుక్కనొకదానిని శుభ్రమైన ఉక్కుపై నుంచి చూపిన ప్రయోగము ప్రసిద్ధమైనది. చుక్క అంచునకు గాలి బాగుగా తగులును. నడిమికి తక్కువగా తగులును. గాలి యెక్కువగా తగులు అంచున ఇనుము హెచ్చుగా కరగునని ఎవరైనను తలంతురు. కాని కరగునది నడుమనే! గాలి తక్కువగా నున్న చోటు ఇనుము నిచ్చును. గాలి యెక్కువగా నున్న చోటు సుఖముగా నుండును. రెంటి నడుమ తుప్పు వలయముగా ఏర్పడును. ఈ సూక్ష్మము తెలిసినచో, ఎండ తగులు తలుపురేకు బాగుండగా చీకటి సందులోని పలక ఎందులకు తినబడునో బోధపడును.

అంతేకాదు. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండు రెట్లకు మించిన చోటు ఆక్రమించును. సందులో పుట్టిన తుప్పు పెరిగి పెరిగి రెండు రేకులను దూరముగా నెట్టును. రాతిగోడ పగులులో మొలచిన రావిమొక్క గోడను చీల్చినట్లే, అది అతుకు చుక్కలను ఒక్కొక్కటిగా త్రెంచును.

ఢిల్లీలోని ఇనుప స్తంభమునకు తుప్పు పట్టదని అందఱును వింతగా చెప్పుకొందురు. పదునాఱు వందల యేండ్లుగా అది వానకును ఎండకును ఓర్చి నిలిచియున్న మాట నిజమే. అందులో భాస్వరము హెచ్చుగా నుండుట వలన పైన పలుచని రక్షకపు పొర ఏర్పడినదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. కాని 1961లో దాని మొదలు త్రవ్వి చూచినప్పుడు, నేలలో పాతియున్న భాగమునకు తుప్పు పట్టియుండెను. అంత గొప్ప ఇనుమునకే మఱుగుచోట ఆ గతి పట్టినప్పుడు, మిల్లీమీటరు రేకు మాట చెప్పనేల?

తుప్పు ప్రకృతి చేయు పని. దానిని నిందించి లాభము లేదు. నిందింపవలసినది దానిని దాచు మనుష్యుని. పాత కార్లు అమ్మువారిలో కొందఱు గడపకు పడిన రంధ్రములో పాత వార్తాపత్రికలను కుక్కి, పైన గాజునార గుడ్డ అంటించి, దానిపై పుట్టీ పూసి, నునుపు చేసి, ఎఱ్ఱని రంగు కొట్టింతురు. మఱికొందఱు ఇంకొక యడుగు ముందుకు పోయి, కుళ్లిన గడపపైననే క్రొత్త రేకు తొడుగు నొకదానిని అతుకుదురు. చూచుటకు అది క్రొత్త గడపయే. లోపల మాత్రము పాత కుళ్లు, దానితోపాటు పాత తడియు, ఇప్పుడు గాలి యాడని చీకటిలో బందీగా నుండును. పైన పటారము, లోన లొటారము! ఇది చిన్న మోసమని కొందఱు నవ్వి త్రోసివేయుదురు. ఆ గడప ప్రక్కననే ఆసనములు నేలకు బిగించి యుండును; నడుమునకు కట్టుకొను పట్టీ కొసయు అచ్చటనే బిగించియుండును. కారు దేనినైనను గుద్దినప్పుడు ఆ పట్టీ మనుష్యుని పట్టియుంచవలెను. పట్టీని ఆ రేకు పట్టియుంచవలెను. పుట్టీకి పట్టియుంచు శక్తి ఎక్కడిది? కావున ఇది రూపాయలలోనో పౌనులలోనో కొలువదగిన మోసము కాదు.

బ్రిటను ప్రభుత్వము 1960లో పాత వాహనములకు ఏటేట పరీక్ష చేయించు పద్ధతిని ప్రవేశపెట్టెను. మొదట అది పదేండ్లు నిండినవానికి మాత్రమే యుండెను. 1967 నుండి మూడేండ్లు నిండినవానికే వర్తించెను. ప్రజలు దానిని ఎం.ఓ.టి. పరీక్ష యందురు. చక్రములు, స్టీరింగు, పట్టీలు బిగించు చోట్లకు 30 సెంటీమీటర్ల లోపున బలమునకు ముఖ్యమైన రేకు తిని యున్నచో కారు ఆ పరీక్షలో తప్పును. ఐతే పరీక్షకుడు దేనిని విప్పరాదు. వ్రేళ్లతో నొక్కి, చిన్న పనిముట్టుతో మెల్లగా తట్టి చూడవలసినదే. నడిమి పలక అతని కంటికి చిక్కదు. 2018 మే నుండి నలుబదియేండ్లు నిండి, పెద్ద మార్పులు చేయని కార్లకు ఆ పరీక్ష కూడ తప్పనిసరి కాకుండ పోయెను. 1980లో తుదిగా వెలువడిన ఎం.జి.బి.లకును నేడు నలుబదియేండ్లు దాటినవి. అనగా ఇక పరీక్షింపవలసినవాడు యజమానియే. అతని కంటె కఠినుడైన పరీక్షకుడు లేకపోవచ్చును. అతని కంటె మెత్తనివాడును లేకపోవచ్చును.

తెలిసినవాడు రంగు చూచి కారు కొనడు. ముందుగా తలుపు చుట్టు ఉన్న సందు చూచును. సందు క్రింద వెడల్పుగను పైన ఇఱుకుగను ఉన్నచో కారు నడుము వంగినదని గ్రహించును. తలుపు తెఱచి జాకీ ఎత్తించును. ఎత్తినకొలది ఆ సందు మారుచున్నచో ఇక వేఱు సాక్ష్యమక్కఱలేదు. మిక్కిలి కుళ్లిన కారులో జాకీ పైకి లేచును గాని కారు లేవదు. జాకీ గడపలోనికి దిగబడును. జేబులోనుండి చిన్న అయస్కాంతమును తీసి గడప పొడవునను నడుపును. రేకున్న చోట అది అంటుకొనును. పుట్టీయున్న చోట జాఱి పడును. తర్వాత వ్రేలి కణుపుతో తట్టును. సంతలో కుండ కొను ఇల్లాలు కణుపుతో తట్టి చూచుట తెలుగువారికి క్రొత్త గాదు. మంచి కుండ ఖంగుమనును, బీటవాఱినది బొదబొదలాడును. ఉక్కు గడపకును అదే న్యాయము. నేటివారు సన్నని తీగకు కొసన కెమెరా కట్టి, నీటి రంధ్రముగుండ లోపలికి పంపి చూచుచున్నారు. చెవి చెప్పినదానినే ఆ కెమెరా కంటికి చూపును.

ఇక నిజము తెలిసిన యజమాని స్థితి యోచింపదగినది. అతడు తలుపు క్రింద రూపాయి బిళ్లంత బొబ్బను చూచి, గీకి రంగు వేయింతమని వచ్చియుండును. పనివాడు బొబ్బను గీకును, బిళ్ల అరచేయి యగును, అరచేయి మూరెడగును. వెలుపలి రేకు కోసి తీసినప్పుడు నడిమి పలక యుండవలసిన చోట గోధుమవన్నె పొలుసులు కుప్పగా రాలును. ఇప్పుడు అతని యెదుట మూడు దారులు. రంధ్రమును మూసి, రంగు వేసి, ఎఱుగనివానికి అమ్మవచ్చును; అతనికిని ఎవరో అట్లే అమ్మియుందురు. లేదా కనబడిన చోటికి మాత్రము అతుకు వేయించి, ఇంకొక రెండేండ్లు గడపవచ్చును. లేదా కారునంతయు విప్పి, కుళ్లు ముగిసి మంచి ఉక్కు మొదలగు చోటు వఱకు పోవలెను. మూడవ దారిలో ఖర్చు కారు వెలకు మించుటయు కద్దు. నెలలు పట్టును, భార్యాబిడ్డలు షెడ్డువైపు చూచి నిట్టూర్తురు. ఐనను ఆ కారులో రేపు కూర్చుండునది తన బిడ్డ యని తలచినవానికి మొదటి రెండు దారులు దారులుగా కనబడవు. ఎఱుగని కొనుగోలుదారునకును బిడ్డ యుండునని తలచువాడు మఱింత అరుదు. అట్టివారును కలరు.

మూడవ దారి పట్టినవాడు తొందరపడి కోయరాదు. గడపయే కారు వెన్నెముకయని మఱచి రెండు ప్రక్కల గడపలను ఒకేసారి కోసివేసినవాని కారు నడుమ కుంగును. కుంగినదానికే క్రొత్త గడపలు అతికినచో ఆ వంకర శాశ్వతమగును; ఎన్ని మడతబందులు మార్చినను తలుపు సరిగా పడదు. అందుచేత మంచి పనివాడు కోయుటకు ముందు కొలుచును. కారును చదునైన నేలపై, చక్రముల భారము పడు చోట్లనే ఊతమిచ్చి నిలుపును. నడుమ జాకీతో ఎత్తడు. తలుపు ఖాళీలో అడ్డముగను ఐమూలగను ఇనుప కమ్ములు బిగించి, స్తంభములు రెండును ఎడము మారకుండ కట్టుదిట్టము చేయును. ఎడమ ప్రక్క పూర్తియైన తర్వాతనే కుడి ప్రక్కను ముట్టును. పని నడుమ తలుపును పదిసార్లు తగిలించి పదిసార్లు తీయును. తలుపే అతనికి కొలబద్ద.

నిప్పు భయమును చిన్నది కాదు. అతుకు పనిలో నిప్పురవ్వలు చీకటి సందులలో పడి రాజుకొనును. బ్యాటరీ తీగలు విప్పి, పెట్రోలు తొట్టిని తీసి దూరముగా నుంచి, తివాచీలు, ఆసనములు అన్నియు వెలుపల పెట్టినగాని అనుభవజ్ఞుడు టార్చి వెలిగింపడు. నేలరేకునకు పూసిన పాత తారు కూడ అంటుకొనును. మంటనార్పు సాధనము చేతికందు దూరమున నుండవలెను. జస్తా పూత గల రేకును కాల్చినచో వచ్చు పొగ ఊపిరితిత్తులకు హాని చేయును. ఆ పూతను గీకి, గాలి యాడు చోట పని చేయవలెను.

వెలుపలి గడప రెండు కొసలును ముందు వెనుక మడ్‌గార్డుల చాటునకు పోయి యుండును. కావున కనబడునంత మేరకే మార్చి ఊరకుండుట సగము పని. ముందు మడ్‌గార్డు మరలతో బిగించినది గనుక విప్పి తీయవచ్చును. వెనుకదానిని తీయ వీలులేదు. దాని అడుగు భాగమును కోసి, లోపలి పని ముగిసిన పిమ్మట క్రొత్త ముక్కను అతుకవలెను. మంచి రేకును, నిగనిగలాడు రంగును కోయుటకు యజమానికి చేయి రాదు. ఇచ్చటనే పెక్కుపనులు చెడును. కుళ్లినదానిని కోయుట కష్టము కాదు; కుళ్లినదానిని చేరుటకై మంచిదానిని కోయుట కష్టము.

కోత ఎంతదూరము పోవలెననగా, రేకు మెఱయు వఱకు, తట్టినచో చప్పుడు మారు వఱకు. తుప్పు తిని కాగితమంత పలుచనైన రేకునకు క్రొత్త రేకు అతుకబోయినచో వేడికి ఆ రేకు కరగి రంధ్రము పెద్దదగును. చిరిగిన పాత పంచెకు క్రొత్త గుడ్డ మాసిక వేసినప్పుడు మాసిక నిలిచి ప్రక్కన మఱల చిరుగుట చూచినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. మంచి అంచు దొరికిన తర్వాత క్రమము కలదు. లోపలి రేకును నేలరేకు అంచును ముందు సరిచేయవలెను. అడుగున కోట పట్టీ. తర్వాత నడిమి పలక. తుదకు వెలుపలి రేకు. ప్రతి పొరను అతుకకముందే జస్తా కలిసిన రంగు పూయవలెను. తర్వాత అచ్చటికి కుంచె పోదు. కర్మాగారమునందలి చుక్క యతుకులకు బదులుగా పనివాడు పైరేకునకు వరుసగా చిన్న రంధ్రములు తొలిచి, రెండు రేకులను పట్టుకారులతో బిగబట్టి, ఆ రంధ్రములను కరగిన లోహముతో నింపును. ఒకే చోటినుండి మొదలిడి చివరవఱకు అతుకుచు పోయినచో వేడికి రేకు మెలిదిరుగును. అందుచేత దర్జీ ముందుగా టాకాలు వేసినట్లు ఇచ్చట నొకటి, అచ్చట నొకటి వేసి, చల్లాఱనిచ్చి, మఱల సందులు పూరించును. ఓర్పులేనివానికి ఈ పని కూడదు.

ఇంత మార్చినచో మిగిలిన కారు పాత కారేనా యని వాదించువారు కలరు. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అను సంస్థ, దాచియుంచిన పాత అచ్చులతోనే ఎం.జి.బి. దేహమును సమగ్రముగా క్రొత్తగా తయారుచేసి అమ్మ నారంభించెను. పాత ఇంజనును, చక్రములను, ఆసనములను ఆ క్రొత్త దేహమునకు తగిలించుకొనవచ్చును. కుళ్లు మిక్కుటమైనప్పుడు ముక్కలు ముక్కలుగా అతుకుటకంటె అదియే చౌకయగును. కాని తండ్రి చేయి తగిలిన తలుపు, చిన్నతనమున తాను కూర్చుండి అరుగదీసిన గడప పోయెనే యని బాధపడువారిని తప్పుపట్టరాదు. అట్టివారు ఒక్కొక్క రేకునే మార్చుకొందురు. రెండును ధర్మసమ్మతములే. ఏది చేసినను ఛాయాచిత్రములు తీసి, కోసినది ఎంతయో, వేసినది ఎంతయో ఒక పుస్తకమున వ్రాసియుంచుకొనుట మంచి యజమానుల ఆచారము. రంగు వేసిన తర్వాత మంచి పనికిని చెడ్డ పనికిని పైకి భేదము కనబడదు. కారు చేతులు మారినప్పుడు ఆ పుస్తకము కూడ కారుతో పోవును.

తుది పని గడపలోనికి మైనము ఎక్కించుట. రంగు కుంచె పోలేని చోటికి కరగిన మైనము పోగలదు. గడప కొసనున్న చిన్న రంధ్రముగుండ పొడవైన రబ్బరు గొట్టమును దూర్చి, నెమ్మదిగా వెనుకకు లాగుచు, గాలి ఒత్తిడితో మైనమును తుంపరలుగా చిమ్ముదురు. అది లోపలి గోడలకంటి, అతుకు సందులలోనికి ప్రాకి, పైన పొరగా నిలుచును. ఈ పనికి ఎండ కాయు వెచ్చని దినమును ఎన్నుకొందురు. చలిలో మైనము ప్రాకదు. మిగులు మైనము అడుగునుండి బొట్లుబొట్లుగా కాఱును. ఆ రాత్రి షెడ్డు నేలపై కారు క్రింద పాత కాగితములు పఱచి యుంతురు. తెల్లవాఱి యజమాని లాంతరు వెలుగున వంగి ఆ కాగితములను చూచును. ఏ రంధ్రము క్రింద మైనపు మరక పడినదో ఆ రంధ్రము తెఱచియున్నది. మరక లేని చోట రంధ్రము పూడియున్నదని యెఱిగి, సన్నని తీగ తెచ్చి, నేలపై వెల్లకిల పరుండి, దానిని పొడిచి తెఱచును.